పెట్టె మంచిదే, ఈ పనికి కాదు: సిగార్ హ్యూమిడర్‌లో గంజాయి నిల్వ

నిగనిగలాడే చెక్కపెట్టె, మూతకు ఇత్తడి బందులు, ముందువైపు చిన్న తాళం, తెరవగానే సెడార్ వాసన. సిగార్ హ్యూమిడర్ చూడముచ్చటగా ఉంటుంది. తేమ కాపాడే పెట్టే కదా, గంజాయి మొగ్గలకూ ఇదే చాలదా అనిపించడం సహజం. చాలదు. మొగ్గల్ని నేరుగా ఆ చెక్కలో పెడితే మూడు నష్టాలు: తేమ అదుపులో ఉండదు, వాసన మారుతుంది, జిగురు చెక్కకు అంటుకుపోతుంది. గాజు సీసాలు పెట్టుకునే చిన్న బీరువాగా వాడుకుంటే మాత్రం అదే పెట్టె పనికొస్తుంది. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు ఎలా వాడాలో కింద ఉంది. కొత్తగా కొనాలనుకునేవాళ్లు ఆ డబ్బు వేరేదానికి పెట్టుకోవచ్చు.

ముందు చట్టం సంగతి. ఇక్కడ రాసిందంతా గంజాయి చట్టబద్ధమైన చోట్ల ఉండే పెద్దల కోసం, ముఖ్యంగా కెనడాలో ఉండేవాళ్ల కోసం. అక్కడ 2018 అక్టోబర్ 17 నుంచి ఇది చట్టబద్ధం. బయట దగ్గర పెట్టుకోగలిగిన పరిమితి 30 గ్రాముల ఎండు మొగ్గ. ఇంటి లోపలి నిల్వకు ఫెడరల్ పరిమితి లేదు గానీ క్విబెక్‌లో ఇంటికి 150 గ్రాములు దాటకూడదు. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద గంజాయి మొగ్గ ఎంత తక్కువైనా దగ్గర ఉంచుకోవడం నేరమే, కాబట్టి హైదరాబాదులో కూర్చుని పెట్టె కొనే ఆలోచన వద్దు. అమెరికాలో హెచ్1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం కిందే. రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు కాకపోయినా గంజాయి వాడకం పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తన నిరూపణకు అడ్డొస్తుందని అమెరికా పౌరసత్వ, వలస విభాగం యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. డ్రాయింగ్ రూమ్‌లో అందంగా అమర్చిన పెట్టె ఫొటో తీసి ఇన్‌స్టాలో పెట్టాలన్న సరదా వాళ్లకు అస్సలు తగదు.

ఆ పెట్టె దేనికోసం పుట్టింది

హ్యూమిడర్ లోపల ఉండేది స్పానిష్ సెడార్ పలక. పేరులో సెడార్ ఉన్నా దేవదారుతో దానికి చుట్టరికం లేదు. సెడ్రెలా ఒడొరాటా అనే ఆ చెట్టు మన వేప, మహాగని కుటుంబానిది. నీటిని బాగా పీల్చుకుని, గాలి పొడిబారినప్పుడు నెమ్మదిగా వదులుతుంది. అందులోని సుగంధ తైలం సిగార్ రుచికి కలిసొస్తుంది, పురుగును కొంత దూరం పెడుతుంది. సిగార్ ప్రియులు సంప్రదాయంగా కోరుకునేది 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర 70 శాతం తేమ. ఇప్పుడు చాలామంది 65 నుంచి 69 దగ్గర ఆపుకుంటున్నారు. పెట్టె పూర్తిగా గాలి చొరబడనిది కాదు, కావాలనే అలా చేస్తారు. సిగార్ నెలలు, ఏళ్లు మాగాలి. మాగేటప్పుడు వెలువడే అమోనియా బయటికి పోవాలి, కొంచెం గాలి ఆడాలి.

గంజాయి మొగ్గకు కావలసింది దాదాపు ప్రతి విషయంలోనూ వేరు. ఎండు గంజాయి మొగ్గకు ప్రమాణాలు నిర్ణయించే ఏఎస్‌టీఎం సంస్థ ఇచ్చిన డి8197 ప్రమాణం ప్రకారం నీటి చర్య 0.55కూ 0.65కూ మధ్య ఉండాలి. వాడుక భాషలో చెబితే, మూసిన సీసాలో మొగ్గ చుట్టూ గాలి తేమ 55 నుంచి 65 శాతం. కాలిఫోర్నియాలో అమ్మకానికి వెళ్లే ఎండు మొగ్గ పరీక్షలో 0.65 దాటకూడదు. అంటే సిగార్‌కు సుఖంగా ఉండే 70 శాతం ఇక్కడ బూజు గీతకు అవతల. 55 కంటే కిందికి జారితే మొగ్గ పొడిపొడి అవుతుంది, ట్రైకోమ్‌ల తలలు, అంటే ఆ మెరిసే జిగురు బొట్లు, చేయి తగిలితే రాలిపోతాయి. ఇంట్లో వాడేవాళ్లు గురిపెట్టాల్సింది 58కీ 62కీ మధ్య. మనకున్న సందు ఇరుకైనది, పెట్టెలేమో ఆ సందుకు బయట ఉండే తేమకే తయారై వస్తాయి.

నీళ్ల లెక్క

అసలు చిక్కు తేమ శాతంలో కాదు, నీరు ఎవరి దగ్గర ఎంతుంది అన్న దగ్గర. దుకాణాల్లో '50 సిగార్లు' అని అమ్మే మామూలు బల్లమీది పెట్టెను తీసుకోండి. లోపలి ఖాళీ సుమారు 5 లీటర్లు. గోడల పలకలు, అడ్డు పలక, పైన ట్రే కలిపితే సెడార్ దాదాపు అర కిలో ఉంటుంది. చలికాలంలో హీటర్ నడిచే ఇంట్లో గాలి తేమ 25 శాతం దగ్గర ఉంటే ఆ చెక్కలో నీరు బరువులో 5 శాతానికి కాస్త ఎక్కువ. అదే చెక్క 62 శాతం గాలితో సర్దుకోవాలంటే 11 శాతం దాకా పీల్చాలి. అర కిలో చెక్కకు ఆ తేడా 25 నుంచి 30 గ్రాముల నీరు.

ఇప్పుడు మిగతావి చూడండి. 5 లీటర్ల గాలిలో 62 శాతం తేమ దగ్గర ఉండే నీరు 0.06 గ్రాము, లెక్కలోకి రానంత. ఔన్సు మొగ్గ, అంటే 28 గ్రాములు, కొంచెం ఎండిపోయి 8 శాతం నీటితో ఉందనుకుందాం. దాన్ని 11 శాతానికి తేవడానికి కావలసింది ఒక గ్రాము కంటే కాస్త తక్కువ. ఔన్సుకు సరిపోతుందని అమ్మే తేమ ప్యాకెట్, అంటే చుట్టూ గాలి తేమను ఒక శాతం దగ్గర నిలిపే చిన్న పొట్లం, మొత్తం బరువే 8 గ్రాములు, అందులో ఇవ్వగలిగే నీరు ఇంకా తక్కువ. ఆ ప్యాకెట్‌ను కొత్త హ్యూమిడర్‌లో పడేస్తే కొత్త మట్టికుండలో పోసిన నీళ్లు మొదట కుండే తాగేసినట్టు ప్యాకెట్ నీరంతా చెక్క తాగేస్తుంది. అది చాలక మొగ్గలోని నీటినీ లాగుతుంది. ప్యాకెట్ వారం తిరక్కుండానే గట్టి రేకులా మారితే జనం ప్యాకెట్‌ను తిడతారు. తప్పు దానిది కాదు.

ఎదురు తప్పు ఇంకా ప్రమాదం. సిగార్ వాళ్లు కొత్త పెట్టెను 84 శాతం ప్యాకెట్లతో 14 రోజులు నానబెడతారు. దీన్ని సీజనింగ్ అంటారు. ఆ పద్ధతి చదివి అలాగే చేసి, పదిహేనో రోజు మొగ్గలు లోపల పెట్టేస్తే, నిండా తాగి ఉన్న చెక్క ఇప్పుడు నీటిని మొగ్గలోకి తోస్తుంది. తేమ మీటరు (హైగ్రోమీటర్) 70 చూపిస్తూ ఉండగానే లోపల బూజు మొదలవుతుంది. పెట్టెతో వచ్చే నల్ల ప్లాస్టిక్ డబ్బీలో ఉండే స్పాంజి ఇంకోటి. దాన్ని సగం స్వేదనజలం, సగం ప్రొపైలిన్ గ్లైకాల్ కలిపిన ద్రవంతో తడుపుతారు. ఆ మిశ్రమం నిలిపేది 70 శాతం దగ్గర. గంజాయికి పెట్టె వాడేవాళ్లు మొట్టమొదట చేయాల్సింది ఆ డబ్బీని అయస్కాంతంతో సహా ఊడదీసి అవతల పెట్టడం.

వాసన, జిగురు, పురుగు

గంజాయి వాసన మిర్సీన్, లిమొనీన్, పైనీన్ లాంటి టెర్పీన్ల నుంచి వస్తుంది. అవి తేలిగ్గా ఆవిరయ్యేవి. గాలి ఆడే పెట్టెలో అవి నెమ్మదిగా బయటికి పోతూనే ఉంటాయి, బట్టల అలమారా అంతా ఆ వాసనే పడుతుంది. ఖాళీ అయిన చోటును సెడార్ తైలం నింపుతుంది. నిమ్మ వాసన కోసం డబ్బు పెట్టి కొన్న రకం కొన్ని వారాల్లో పెన్సిల్ చెక్కిన వాసన కొడుతుంది. ఎండాకాలం వేడికి కొన్ని సెడార్ పలకలు జిగట బంక కారుస్తాయి కూడా. మొగ్గ నేరుగా పలక మీద ఉంటే ఆ బంక దీనికి, దీని జిగురు దానికి అంటుకుంటాయి. చెక్క రంధ్రాల్లో ఇరుక్కున్న ట్రైకోమ్‌లను తిరిగి రాబట్టే దారి లేదు. బలం ఉండేది వాటిలోనే కాబట్టి నష్టం వాసనతో ఆగదు.

సిగార్లు, గంజాయి ఒకే పెట్టెలో పెడదామనే ఆలోచన అన్నిటికంటే చెడ్డది. సిగార్ పొగాకు ఆ వాసనను గట్టిగా పట్టుకుంటుంది, ఎన్నాళ్లు ఆరబెట్టినా వదలదు. ఒకదానికి 69 శాతం ప్యాకెట్, ఇంకోదానికి 62 శాతం ప్యాకెట్ పెడితే రెండూ ఒకదాన్ని ఒకటి పీల్చుకుంటూ త్వరగా చచ్చిపోతాయి. మధ్యలో పలక అడ్డం ఉన్నా గాలి ఒకటే. పైగా పొగాకు పురుగు భయం. లాసియోడెర్మా సెరికోర్న్ అనే ఈ గోధుమరంగు చిన్న పురుగు సిగార్లలో గుడ్లుగా వచ్చి, పెట్టె వేడెక్కితే పొదుగుతుంది. ఇది పొగాకుతోనే ఆగే రకం కాదు. పసుపు కొమ్ములకు, ధనియాలకు, ఎండుమిర్చికి పట్టి చిన్న గుండ్రటి బెజ్జాలు చేసేది ఇదే. ఎండిన మొక్క భాగం ఏదైనా దానికి తిండే.

పెట్టె ఇప్పటికే ఉంటే

కానుకగా వచ్చిందో, సిగార్ మానేసినవాళ్లు ఇచ్చారో, పారేయడానికి మనసొప్పదు. అలాంటప్పుడు చెక్కను తేమ పని నుంచి తప్పించి, ఆ పని గాజు సీసాకు అప్పజెప్పాలి. ముందుగా ట్రే, అడ్డు పలక తీసేయండి. చెక్క తగ్గిన కొద్దీ వాసనా తగ్గుతుంది, లోతూ కలిసొస్తుంది. స్పాంజి డబ్బీ తీసేయండి. మూతకు ఉన్న గడియారంలాంటి ముల్లు మీటరు అలంకారానికే, దాన్ని నమ్మొద్దు. పెట్టె లోతు కొలవండి. మామూలు పెట్టెల్లో 10 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి పొడుగు మేసన్ జార్ (బిగుతు మూత ఉన్న పచ్చళ్ల గాజు సీసా) పట్టదు, పొట్టివి చూసుకోవాలి. 120 మిల్లీలీటర్ల వెడల్పు మూతి పొట్టి సీసాలు 3.5 గ్రాములు, కాస్త వదులుగా 7 గ్రాముల దాకా తీసుకుంటాయి. రకానికో సీసా. అడుగున పాత నూలు గుడ్డ పరిస్తే సీసాలు ఒకదానికొకటి తగిలి పగలవు.

సీసాను ముప్పావు వంతు నింపండి. సగానికి తక్కువ ఉంటే మిగతాదంతా ఆక్సిజన్, తెరిచినప్పుడల్లా కొత్తది. కుక్కి నింపితే మొగ్గలు నలిగి జిగురు గాజుకు పూస్తుంది. ప్రతి సీసాలో దాని పరిమాణానికి తగిన చిన్న ప్యాకెట్, మూత గట్టిగా. ఇలా చేశాక చెక్కపెట్టె చేసే పని రెండే: వెలుతురు ఆపడం, అన్నీ ఒకచోట ఉంచడం. ఈ రెండూ అది బ్రహ్మాండంగా చేస్తుంది. వెలుతురు ఆపడం చిన్న విషయమేమీ కాదు. నిల్వలో గంజాయి బలం తగ్గడానికి అన్నిటికంటే పెద్ద కారణం వెలుతురేనని 1976లోనే లండన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం తేల్చింది. ఆ తర్వాతి స్థానం గాలిది, అంటే ఆక్సీకరణది.

చెక్కనే తేమకు వాడి తీరాలన్న పట్టుదల ఉన్నవాళ్లకు: 84 శాతం ప్యాకెట్ల జోలికి పోవద్దు. 62 శాతం, 67 గ్రాముల ప్యాకెట్లు మూడో నాలుగో ఖాళీ పెట్టెలో వేసి మూసేయండి. నెమ్మదిగా అవుతుంది, కొన్ని వారాలు పట్టవచ్చు. మీటరు 60 దాటి వరుసగా వారం రోజులు కదలకుండా ఉంటేనే చెక్క తాగడం ఆగినట్టు. తడిగుడ్డతో లోపల తుడవమని చెప్పే సలహాలు కనిపిస్తాయి. పలక వంకర పోతుంది, మూత సరిగ్గా కూర్చోదు. మూత ఎంత బిగువుగా ఉందో చూడ్డానికి ఒక నోటు మూతకూ పెట్టెకూ మధ్య పెట్టి లాగండి. నాలుగు వైపులా పట్టు దొరకాలి. ఒక మూల జారిపోయిందంటే ఆ మూలనుంచి తేమా పోతుంది. ఇంతా చేసి మొగ్గల్ని పలక మీద కాకుండా మూత తీసిన గాజు గిన్నెలోనో పింగాణీ గిన్నెలోనో పెట్టాలి. దీనివల్ల ఒరిగే లాభం ఏమిటంటే చెప్పడం కష్టం.

మీటరును ముందు పరీక్షించండి

చవక డిజిటల్ హైగ్రోమీటర్లు మూడు నుంచి ఐదు శాతం తప్పు చూపడం మామూలే. సిగార్‌కు అది ఇబ్బంది కాదు. 62 అని చూపిస్తూ నిజంగా 67 ఉంటే ఇక్కడ సరుకు పోతుంది. పరీక్షకు ఉప్పు చాలు. సీసా మూతలో చెంచాడు ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు చుక్కలుగా వేయండి. కరిగిపోకూడదు, నీళ్లు తేలకూడదు. ఆ మూతను, మీటరును జిప్ సంచిలో కలిపి పెట్టి, గాలి కొంచెం ఉంచి మూసి, ఎండ తగలని చోట 12 గంటలు కదపకుండా వదిలేయండి. గది ఉష్ణోగ్రతలో తడి ఉప్పు పైగాలి 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీటరు 71 చూపిస్తే ఇకపై నాలుగు కలుపుకుని చదవాలి, 78 అయితే మూడు తీసేయాలి. సంచి తెరవకుండానే అంకె చదవండి. బయటి గాలి తగిలితే నిమిషంలో మారిపోతుంది. సీసాలోకి పట్టే చిన్న గుండ్రటి మీటర్లు దొరుకుతాయి. ప్రతి సీసాకూ అక్కర్లేదు, ఒకటి కొని మార్చిమార్చి పెడితే సరిపోతుంది. సీసా మూసిన వెంటనే కనిపించే అంకెకు అర్థం లేదు, ఒక రోజు ఆగి చదవండి.

పెట్టెకు బదులు ఏది

గాజు మేసన్ జార్ ఇప్పటికీ మొదటి స్థానంలోనే ఉంది. బాల్, కెర్ లాంటి పచ్చళ్ల సీసాలే. రబ్బరు పూత ఉన్న మూత గాలిని బాగా ఆపుతుంది, గాజు వాసన పట్టదు, కడుక్కోవచ్చు, పగిలితే బాధ తప్ప లోటు లేదు. వెలుతురు ఒక్కటే దాని బలహీనత. అలమారాలో పెడితే అదీ తీరుతుంది. ముదురు గోధుమరంగు గాజు కొంటే ఇంకా మంచిది. ఊదారంగు మిరాన్ గాజు గురించి చెప్పే మహిమలకు అంత ధర పెట్టనక్కర్లేదు. చీకటి అలమారాలో అన్ని గాజులూ ఒక్కటే.

సీవాల్ట్ అనే స్టీలు డబ్బా దీనికోసమే చేసింది. సిలికాన్ రింగు, చుట్టూ బిగించే క్లిప్పులు, మూత లోపల ప్యాకెట్ పెట్టుకునే అర. వెలుతురు సున్నా, కింద పడినా పగలదు, ప్యాకెట్ మొగ్గకు తగలదు. లోపల ఏముందో కనిపించదు కాబట్టి చూడ్డానికి తెరుస్తూనే ఉంటారు, అదే దాని లోపం. ధర గాజు సీసాకు కొన్ని రెట్లు. నెలల తరబడి ముట్టకుండా ఉంచే ఔన్సు, రెండు ఔన్సుల నిల్వకు ఇది సరైన వస్తువు. రోజూ తెరిచే సరుక్కి దీనికంత పెట్టడం దండగ. సిలికాన్ రింగు మీద జిగురు పేరుకుంటే బిగువు తగ్గుతుంది, అప్పుడప్పుడు తీసి సబ్బుతో కడగాలి.

గంజాయి కోసమని పేరు పెట్టి అమ్మే ఖరీదు చెక్కపెట్టెల్లో మేలైనవి సెడార్‌ను వదిలేసి, లోపల గాజు సీసాలు, పనిముట్లకు అర, తాళం ఇస్తాయి. అంటే పైన చెప్పిన మార్పులన్నీ కర్మాగారంలోనే చేసి ఇచ్చినట్టు. కొనేముందు చూడాల్సింది సీసాల మూతలే. చెక్క మూతకు సన్నని రింగు ఒక్కటే ఉంటే గాలి ఆగదు. సీసాలో నీళ్లు పోసి, మూత పెట్టి, తలకిందులుగా పట్టుకుంటే నిజం తెలిసిపోతుంది. జిప్ సంచులు రెండు మూడు రోజులకు తప్ప వద్దు. ప్లాస్టిక్‌లో పుట్టే స్థిర విద్యుత్తు ట్రైకోమ్‌లను గోడకు లాగేసుకుంటుంది. కరెంటుతో నడిచే సిగార్ ఫ్రిజ్‌లు ఇంటి వాడకానికి అనవసరం, చల్లటి గోడల మీద నీటి చుక్కలు పడతాయి. మామూలు ఫ్రిజ్‌ కూడా వద్దు. చల్లని సీసా బయటికి తీసి వెచ్చటి గదిలో తెరిస్తే మొగ్గ మీద చెమ్మ పడుతుంది. డీప్ ఫ్రీజర్‌లో జిగురు బొట్లు పెళుసెక్కి కదిపితే రాలతాయి. 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండే చీకటి అలమారా చాలు. కెనడా ఇళ్లలో బేస్‌మెంట్ దీనికి బాగుంటుంది, నేలకు ఆనించకుండా, ఫర్నేస్‌కు దూరంగా పెట్టాలి.

ప్యాకెట్ల విషయం

అందరికీ తెలిసినవి రెండు. అమెరికాలోని మిన్నెసోటా కంపెనీ బొవేడా ప్యాకెట్‌లో శుద్ధజలం, లవణాలు. ఇంటెగ్రా బూస్ట్‌లో గ్లిజరిన్ ఆధారిత ద్రావణం. రెండూ రెండు వైపులా పనిచేస్తాయి, తక్కువైతే ఇస్తాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. బొవేడాలో 58, 62 శాతాలు, ఇంటెగ్రాలో 55, 62. ఎండు ప్రాంతాల వాళ్లు, మెత్తటి మొగ్గ ఇష్టపడేవాళ్లు 62 తీసుకుంటారు. వేపరైజర్ (కాల్చకుండా వేడిచేసి ఆవిరి పీల్చే పరికరం) వాడేవాళ్లకు 58 బాగుంటుంది, సమంగా వేడెక్కుతుంది. మొగ్గ మొదటే కాస్త తడిగా అనిపిస్తే 58 వేయడమే క్షేమం. కొలత: 4 గ్రాముల ప్యాకెట్ అరఔన్సుకు, 8 గ్రాములది ఔన్సుకు, 67 గ్రాములది పౌనుకు. పెద్దది వేస్తే తేమ ఎక్కువైపోతుందన్న భయం వద్దు. అది తన అంకె దగ్గరే ఆగుతుంది, ఎక్కువ రోజులు వస్తుంది, అంతే.

బొవేడా ప్యాకెట్ వేళ్లతో నలిపితే లోపల గట్టి రవ్వలా తగిలినా, మొత్తం రేకులా బిగిసినా మార్చేయాలి. అక్కడక్కడా చిన్న గరుకు ఉంటే ఇంకా బతికే ఉంది. ఇంటెగ్రాతో రంగు మారే చిన్న చుక్క కార్డు వస్తుంది, కొత్తవాళ్లకు అది సౌకర్యం. బిగువైన సీసాలో ప్యాకెట్ రెండు నుంచి నాలుగు నెలలు వస్తుంది. నెలలోపే చచ్చిపోతుంటే మూతను అనుమానించండి. నీళ్లలో నానబెట్టి మళ్లీ వాడే చిట్కాలు చేయొద్దు. లవణం, నీరు పాళ్లు మారితే అది ఏ శాతం దగ్గర నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు.

ప్యాకెట్ చేయలేనిది ఒకటుంది. ఎండిపోయిన మొగ్గను మెత్తబరుస్తుంది గానీ పోయిన వాసనను తేలేదు. నారింజ తొక్క, బ్రెడ్డు ముక్క, క్యారెట్ చెక్క వేసే పద్ధతి అసలే వద్దు. అదుపులేని నీరు, దానితోపాటు బూజు బీజాలు, రెండూ కలిసి లోపలికి పోతాయి.

బూజును ట్రైకోమ్‌లతో పొరబడటం తరచూ జరుగుతుంది. ట్రైకోమ్‌లు విడివిడిగా, మెరుస్తూ, 30 రెట్ల భూతద్దంలో పుట్టగొడుగు ఆకారంలో కనిపిస్తాయి. బూజు మెరవదు, సాలెగూడులా అల్లుకుని బూడిద తెలుపులో ఉంటుంది, పెద్ద మొగ్గ నడిమి కాడ దగ్గర మొదలవుతుంది. అందుకే పైపైన చూడకుండా పెద్ద మొగ్గనొకదాన్ని చీల్చి చూడాలి. తడి గడ్డివాసన, అమోనియా ఘాటు వస్తే తేమ ఎక్కువై చాలా రోజులైనట్టు. బూజు కనిపించిన చోటు గిల్లేసి మిగతాది వాడటం కుదరదు, ఆ సీసా మొత్తం పారేయాలి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బీజాలు కంటికి కనిపించవు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు, కీమోథెరపీలో ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల్లో అవి ప్రాణాంతకం కావచ్చు.

ఎంత బాగా దాచినా గడువు గడువే. మిసిసిపీ విశ్వవిద్యాలయం 1990ల చివర్లో ప్రచురించిన కొలతల ప్రకారం గది ఉష్ణోగ్రతలో ఉంచిన గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ మొదటి ఏడాదిలో 16 శాతానికి పైగా, నాలుగేళ్లలో 41 శాతం తగ్గింది. అందులో కొంత సీబీఎన్ అనే వేరే పదార్థంగా మారుతుంది. సిగార్ లాగా మాగితే బాగుపడుతుందనుకోవడం ఇక్కడ పనిచేయదు. కోత తర్వాత సరిగ్గా ఆరబెట్టి సిద్ధం చేసిన (క్యూరింగ్ అయిన) మొగ్గ మొదటి ఆరు నెలల్లోనే మేలు. కెనడా లేబుల్ మీద ప్యాకింగ్ తేదీ ఉంటుంది. తగ్గింపు ధరకు దొరికేది చాలాసార్లు ఆ ఆరు నెలల్లో ఎక్కువ భాగం షెల్ఫు మీదే గడిపి వస్తుంది. అలాంటిది పెట్టెలు కొని దాచడం కంటే తక్కువ కొనుక్కోవడం నయం. సీసా మీద రకం పేరుతోపాటు ఆ తేదీ కూడా రాసి అంటించండి, నెల తిరిగేసరికి ఏది ఎప్పటిదో గుర్తుండదు.

పిల్లలున్న ఇంట్లో హ్యూమిడర్ తాళాన్ని నమ్మొద్దు. ఆ ఇత్తడి తాళం చెంచా మొనతో తెరుచుకుంటుంది, చాలా పెట్టెలకు తాళంచెవి కూడా ఒకే నమూనా. గంజాయి చాక్లెట్లు, గమ్మీలు అందులో పెట్టడం మరీ ప్రమాదం. వాటికి పిల్లలు తెరవలేని మూత ఉన్న అసలు డబ్బా, దాన్ని ఉంచడానికి అంకెల తాళమున్న ఇనుప పెట్టె కావాలి. ఇక బఫెలో వైపో డెట్రాయిట్ వైపో కారులో వెళ్లే వారాంతాల్లో ఈ పెట్టె డిక్కీలో ఉండకుండా చూసుకోండి. సరిహద్దు దాటించడం రెండు దేశాల చట్టాల ప్రకారమూ నేరమే, ఖాళీ పెట్టె అయినా సెడార్ పట్టిన వాసన కుక్కకు తెలిసిపోతుంది.